తీసేసిన పుస్తకాల బ్లాగు

మా జిల్లాలో గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్లం కొందరం కలిసి నడుపుకునే చిన్న సంఘం ఒకటుంది. గ్రంథాలయాల గురించి తెలుగులో రాసే బ్లాగుల్లో మంచిదాన్ని ఎంచి, రాసినవాళ్లను పిలిచి సన్మానించాలని ఒక ఏడు ఆ సంఘం నిర్ణయించింది. ఎంపికకు ముగ్గురిని పెట్టారు. ప్రభుత్వ గ్రంథాలయాల్లో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన సారు అధ్యక్షుడు. గ్రంథాలయ శాస్త్రం పాఠాలు చెప్పే మేడం రెండో మనిషి. మూడోదాన్ని నేను. హన్మకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీకి ఇరవై ఏళ్లకు పైగా లైబ్రేరియన్‌ని.

బ్లాగుల లింకులన్నీ వాట్సాప్‌లో వచ్చాయి. ఆ ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చి, అన్నం తిని, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కొన్ని బ్లాగులు రెండు పోస్టులతోనే ఆగిపోయాయి. ఒకటి మాత్రం చాలా పెద్దది. లైబ్రేరియన్ ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్ల కోసం పాఠాలు, పాత ప్రశ్నపత్రాలు, జవాబులు, అన్నీ శుభ్రంగా సర్ది ఉన్నాయి. అదే గెలుస్తుందనుకుని తర్వాతి లింకు తెరిచాను.

మొదట కనిపించింది ఒక ఫొటో. కిరాణా దుకాణం కౌంటర్ మీద, త్రాసు పక్కన, ఆకుపచ్చ అట్ట వేసిన పాత పుస్తకం. వెన్ను మీద చిన్న తెల్ల లేబుల్. దాని మీద నల్ల సిరాతో పుస్తకం నంబరు. ఆ నంబరులో రెండు ఏడులున్నాయి. రెండింటికీ నడుమ అడ్డగీత ఉంది.

ఏడుకు అడ్డగీత పెట్టడం నా అలవాటు. చిన్నప్పుడు లెక్కల్లో ఒకటినీ ఏడునూ కలిపేసి దెబ్బలు తిన్నాక వచ్చింది. ఆ లేబుల్ రాసింది నేనే.

పేజీ కిందికి జరిపి చదివాను. రాసినామె వరంగల్ బజారులో ఒక కిరాణా దుకాణం కోడలు. డిగ్రీ తర్వాత దూరవిద్యలో గ్రంథాలయ శాస్త్రం చదివింది, ఉద్యోగం మాత్రం చేయలేదు. జీలకర్ర, మెంతులు పొట్లాలు కట్టడానికి వాళ్లు తూకానికి అమ్మే రద్దీ, అంటే పాత కాగితాలు, కొంటారు. ఒకసారి వచ్చిన కట్టల్లో పుస్తకాలు కనబడ్డాయి. ఏదో లైబ్రరీ ముద్ర ఉంది. మామగారు చింపబోతే ఆపి, అన్నింటినీ వెనక గదిలోకి చేర్చింది. అప్పటినుంచి వారానికో పుస్తకం గురించి రాస్తోంది. "ముద్ర మీద వేలు పెట్టి ఫొటో తీస్తున్నాను. ఏ లైబ్రరీ అన్నది నాకు ముఖ్యం కాదు" అని మొదటి పోస్టులోనే చెప్పింది.

ఆమె వేలు కింద ఉన్నది మా కాలేజీ పేరు.

అది జరిగి అప్పటికి నాలుగేళ్లు. ఆ వానాకాలం మా లైబ్రరీ వెనక గది కురిసింది. అదే సమయంలో కాలేజీకి తనిఖీ బృందం వస్తోందని తెలిసింది. ఆ గదిలో కంప్యూటర్లు పెట్టాలని ప్రిన్సిపాల్ సారు అన్నారు. రెండు రోజుల గడువిచ్చారు. తడిసిన పుస్తకాలు తీసేయాలి, మంచివి ముందు గదిలోకి మార్చాలి. ముందు గదిలో చోటు లేదు. నేను ఆయనతో వాదించలేదు. కట్టలు విప్పి చూడలేదు. గదిలోవన్నీ 'పనికిరానివి' అని రాసిన కాగితం మీద సంతకం పెట్టాను. రద్దీ కొనేవాడి రెండు ఆటోల్లో వెళ్లిపోయాయి. సగానికి సగం తడవనే లేదని నాకు లోపల తెలుసు.

ఆమె పోస్టులన్నీ ఆ మధ్యాహ్నమే చదివాను. ఆపలేకపోయాను. పుస్తకంలో ఏముందో నాలుగు మాటల్లో చెప్పి, తర్వాత ఆమె చూసేది వెనకట్ట లోపల అతికించిన తేదీ చీటీని. ఎప్పుడు తీసుకెళ్లారు, ఎన్నిసార్లు, ఎంత ఆలస్యంగా తెచ్చారు. కుట్టుపని నేర్పే పుస్తకం ఒకటి ప్రతి వేసవిలోనూ బయటికి వెళ్లేదట. నక్షత్రాల గురించిన పుస్తకాన్ని ఒకే అమ్మాయి నాలుగుసార్లు తీసుకుంది. లోపల మిగిలిపోయిన ఆ అమ్మాయి లైబ్రరీ కార్డు మీది ఊరిపేరు పట్టుకుని ఈమె స్టేషన్ ఘన్‌పూర్‌కు రైలెక్కి వెళ్లి, ఆ అమ్మాయిని వెతికింది. ఇప్పుడామె ఇద్దరు పిల్లల తల్లి, పత్తి చేనులో పని చేస్తోంది. పుస్తకం చేతికిస్తే చీరకు చేతులు తుడుచుకుని, నిలబడే పది పేజీలు చదివిందట. ఇరవై ఏళ్లు లైబ్రరీలో ఉండి నేనెప్పుడూ అంత చక్కగా ఒక పాఠకురాలిని చూడలేదు.

ఒక పోస్టు మాత్రం సగంలో మూసేసి, లేచి మంచినీళ్లు తాగి, మళ్లీ తెరిచాను. అది ఆ లేబుళ్ల గురించి. "ఈ అక్షరాలు రాసినవాళ్లకు పుస్తకాలంటే ప్రాణం అయి ఉంటుంది. ఒక్క అంకె కూడా వంకర లేదు. ఏడుకు అడ్డగీత మరిచిపోలేదు. మరి ఇవి బయటికి పోతుంటే ఆ మనిషి ఎక్కడున్నారో" అని రాసింది. అంతే. నింద ఒక్క మాట లేదు.

మరునాడు మార్కులు పంపాలి. పరీక్షల బ్లాగుకు ఎక్కువ వేశాను. ఈమెకు తక్కువ వేశాను. కారణం రాయమన్నచోట, "తేదీ చీటీల మీద పాఠకుల వివరాలు బయటపడుతున్నాయి. ఇది వృత్తి ధర్మానికి విరుద్ధం" అని రాశాను. వినడానికి బలమైన మాట. రాస్తున్నప్పుడే అది నిజం కాదని తెలుసు. పంపేశాను.

మొదటి సమావేశం సారు ఇంట్లో జరిగింది. చాయ్ వచ్చింది. మేడం కాగితాలు బల్ల మీద పడేసినట్టు పెట్టింది.

"పదేండ్ల నుంచి పిల్లలకు పాఠాలు చెప్తాన్న. పాఠకులను ఇట్ల చూడమని ఎట్ల చెప్పాల్నో నాకు తెల్వలె. ఈమె చూపిచ్చింది. నా ఓటు ఈమెకే" అంది.

సారు ఒప్పుకోలేదు. "మంచిగ రాసింది, కాదంటలేను. కని ఇది రద్దీ దుకాణం ముచ్చట. లైబ్రరీల ఇజ్జత్ తీసినట్టైతది. గా పరీక్షల బ్లాగు చదివి కొలువులు కొట్టిన పిల్లలున్నరు. పేదపిల్లలు. అది చిన్న పనా?"

ఆయన మాటలోనూ న్యాయం ఉంది. ఇద్దరూ నా వైపు తిరిగారు. ఇక తేల్చాల్సింది నేనే.

"మీరు రాసిన పాయింట్ పెద్దది" అన్నాడు సారు, నా కాగితం పైకెత్తి. "పాఠకుల వివరాలు బయట పెట్టుడు తప్పు. అది నిజమైతే అవార్డు ఇయ్యరాదు. మరి ఒక్కసారి పోయి మాట్లాడి రాండ్రి. మీరు లోకలే గద. ఫారం గుడ ఇస్త, ఆమెను అడిగి మీరే నింపి సంతకం పెట్టుండ్రి."

వెళ్లనని చెప్పడానికి ఒక్క సాకూ దొరకలేదు. నేను అల్లిన అబద్ధమే నన్ను ఆ దుకాణానికి పంపింది.

రెండు రోజులు ఏదో పనుందని దాటేశాను. మూడో రోజు కాలేజీ అయ్యాక ఆటో ఎక్కాను. బజారులో దిగి, దుకాణం కనబడ్డాక కూడా ఎదుటి వరుసలో గాజుల కొట్టు ముందు కాసేపు నిలబడ్డాను. ఆమె ముప్పై ఐదేళ్ల మనిషి. ఫోన్ త్రాసుకు ఆనించి పెట్టుకుని, ఒక చేత్తో టైపు చేస్తూ, రెండో చేత్తో ఎవరికో కందిపప్పు జోకుతోంది. మామగారు వెనక కుర్చీలో పేపర్ చదువుతున్నాడు.

సంఘం నుంచి వచ్చానని చెప్పగానే ఆమె ముఖం వెలిగింది. "లోపలికి రాండ్రి మేడం. మామయ్యా, జర కుర్చీ ఇటియ్యుండ్రి" అంది. పెద్దాయన లేచి కుర్చీ జరిపి, "దీని ఫోన్ పిచ్చికి అవార్డు గుడ ఇస్తరా?" అని నవ్వాడు. ఆ నవ్వులో గర్వం కూడా ఉంది.

పాఠకుల వివరాల గురించి అడిగాను. ఆమె వెంటనే ఫోన్లో ఫొటోలు తీసి చూపించింది. ప్రతి చీటీలో పేరున్నచోట తెల్లకాగితం ముక్క అంటించి ఉంది. రోల్ నంబర్ల మీద కూడా. "పేర్లు ఎట్ల పెడ్త మేడం? మాకు చదువుల మొదటి పాఠం అదే గద. ఘన్‌పూర్ అక్కది గుడ అడిగినంకనే రాసిన. ఊరి పేరు పెట్టొచ్చు, నా పేరు వద్దు అన్నది" అంది. తర్వాత కొంచెం తగ్గిన గొంతుతో, "ఎవరన్నరు మేడం ఈ మాట? సరిగ చూడలేదేమో" అంది.

నేను ఫారం తీశాను. "నువ్వే నింపమ్మా, నాకు కండ్లద్దాలు లేవు" అన్నాను. అద్దాలు సంచిలోనే ఉన్నాయి. నా చేతిరాత ఆమె కంట పడకూడదు. అంతే నా తాపత్రయం. ఆమె కౌంటర్ మీద వంగి శ్రద్ధగా నింపింది. నేను కింద సంతకం గీసి, ఊపిరి వదిలాను. తేదీ కూడా వేయాలని గుర్తొచ్చి, చెయ్యి అలవాటుగా వేసేసింది. ఆ రోజు పదిహేడో తారీఖు.

గీత పెట్టాక చూసుకున్నాను. ఆమె కూడా చూసింది.

ఫారం తీసుకుని కాసేపు అలాగే పట్టుకుంది. వెనక గదిలోకి వెళ్లింది. నేను లేచి వెళ్లిపోవచ్చు. కూర్చునే ఉన్నాను. ఆమె ఒక పుస్తకంతో వచ్చి, ఫారం పక్కన దాన్ని వెన్ను పైకి కనబడేలా పెట్టింది.

"ఇది మీరే రాసిన్రా మేడం?"

"అవును."

అప్పుడే ఒకావిడ వచ్చి పావుకిలో చింతపండు అడిగింది. ఆమె తూచి, పొట్లం కట్టి, చిల్లర ఇచ్చి పంపింది. ఆ రెండు మూడు నిమిషాలు నాకు చాలా పొడుగ్గా తోచాయి. పెద్దాయన పేపర్ పక్కన పెట్టి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఎందుకు పంపిన్రు?" అంది ఆమె, నా వైపు తిరిగి.

వాన గురించి, తనిఖీ గురించి, ప్రిన్సిపాల్ గడువు గురించి చెప్పాను. చెబుతుంటే అవన్నీ సాకుల్లా వినబడ్డాయి. చివరికి, "విప్పి చూస్తే ప్రిన్సిపాల్ సారుతోని కొట్లాడాల్సి వస్తుండె. అందుకే విప్పలేదు" అన్నాను. ఆ మాట నేను అప్పటిదాకా నా మనసుకు కూడా చెప్పుకోలేదు.

ఆమె తలూపింది. "నేను మీ పేరు గని కాలేజీ పేరు గని రాయను. ఫికర్ చెయ్యకుండ్రి." ఆగి, "ఒకటడుగుత. ఆ వివరాల ముచ్చట లేవట్టింది మీరేనా?" అంది.

"నేనే."

"కావాలనే?"

"కావాలనే."

ఆమె పుస్తకం తీసుకుని చీర కొంగుతో అట్ట తుడిచింది. దానికి దుమ్మేమీ లేదు. "పుస్తకాలు పంపినందుకు నాకు అంత బాధ లేదు మేడం. అది శానా చోట్ల అయితది. ఇది మాత్రం..." అని ఆపేసింది. పెద్దాయన చాయ్ తెప్పిస్తానన్నాడు. వద్దని లేచి వచ్చేశాను.

రెండో సమావేశానికి ముందే ప్రిన్సిపాల్ సారు గదికి వెళ్లి జరిగింది చెప్పాను. సమావేశంలో ఒప్పేసుకోవాలనుకున్నాను కాబట్టి, బయటి నుంచి తెలియకముందే ఆయన నా నోటి నుంచి వినాలనుకున్నాను. ఆయన తలుపు మూయమన్నాడు. "కాలేజీ పేరు వస్తదా?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. రాదంటే నమ్మలేదు. "మీరు సంతకం పెట్టిన్రు. నేను చూడొద్దని చెప్పలేదు గద మేడం" అన్నాడు. అదీ నిజమే. సాయంత్రానికి మెమో వచ్చింది. మూడు రోజుల్లో జవాబివ్వాలి. నా భర్త దాన్ని రెండుసార్లు చదివి, "ఇంకో ఏడెనిమిదేండ్ల నౌకరి ఉన్నది నీకు. ఇప్పుడు ఇదంత అవసరమా?" అన్నాడు. ఆయన భయం కోపంలా బయటికొచ్చింది.

సమావేశంలో కూర్చోగానే చెప్పేశాను. ఆ పుస్తకాలు మావి. పంపింది నేను. నేను లేవనెత్తిన అభ్యంతరం అబద్ధం. నా మార్కులు కొట్టేయండి. నేను ఓటు వేయకూడదు, తప్పుకుంటున్నాను.

అధ్యక్షుడు సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "అమ్మా, ఇప్పుడెందుకు చెప్తానవు? సప్పుడు చెయ్యకుండ ఓటేసి పోతే ఎవరికి తెలుస్తుండె?"

మేడం మాత్రం మరో లెక్కలో ఉంది. ఆమె ముఖం ఎర్రబడింది. "మీరు తప్పుకుంటే మాది ఒకటి ఒకటి. అధ్యక్షుని ఓటు రెండోసారి పడ్తది. ఆయన ఓటు ఎటో మీకు తెలుసు. మీరు ఉండి ఈమెకు ఓటేస్తే అయిపోతుండె గద!" గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "నిజాయితీ మీది. నష్టం ఆమెది."

నేను దానికి సిద్ధపడి రాలేదు. నిజం చెబితే తప్పు దిద్దుకున్నట్టే అని అనుకున్నాను. ఒక్క క్షణం, మాట వెనక్కి తీసుకుని ఓటు వేద్దామా అనిపించింది. కాని తన సంగతిలో తానే తీర్పు చెప్పుకునే మనిషి ఓటుకు విలువేముంది? ఎటు వేసినా అది నా కోసం వేసినట్టే. అలా అని తప్పుకుంటే ఆమెకు రావాల్సింది పోతుంది.

"ఓటు వద్దు. మాట్లాడనియ్యుండ్రి సార్" అన్నాను.

ఆయన సరేనన్నాడు. తీసేసిన పుస్తకాల్లో నేను స్వయంగా లేబుల్ రాసినవి ఎన్నో ఉన్నాయని, ఒక్కదాన్ని కూడా ఎవరు చదివారో నాకు తెలియదని, రిజిస్టర్ నా దగ్గరే ఉన్నా నేను చూడనిది ఆమె చిన్న చీటీ ముక్కల్లో చూసిందని చెప్పాను. స్టేషన్ ఘన్‌పూర్ పోస్టు పైకి చదివాను. సారు కళ్లు మూసుకుని విన్నాడు.

"ఆ అభ్యంతరం కొట్టేస్తాన్న" అన్నాడు చివరికి. "మంచి బ్లాగే. కని నా మనసు మారలె అమ్మా. గా పిల్లలకు కొలువులు దొర్కుడే నాకు పెద్దగ కనబడ్తది. మొదటిది దానికే. దీనికి ప్రత్యేక గుర్తింపు ఇద్దాం. ఇద్దరినీ ఒకటే స్టేజీ మీద కూర్చోబెడ్దాం."

మేడం నాతో మాట్లాడకుండా వెళ్లిపోయింది.

ఫలితం ఆమెకు నేనే ఫోన్ చేసి చెప్పాను. మొత్తం చెప్పాను, మేడం అన్న మాటతో సహా. అవతల దుకాణం చప్పుళ్లు వినబడుతున్నాయి.

"అంటే మీరు ఓటేస్తే నాకు వచ్చేది" అంది.

"వచ్చేది."

"నాకు కోపంగనే ఉన్నది మేడం. ఒట్టిగ లేదని ఎందుకు అనాలె?" అని, "ఫంక్షన్‌కు వస్త. మామయ్య కొత్త అంగీ కుట్టిచ్చుకుంటాండు" అంది.

సభ రోజు నేను వెనక వరుసల్లో కూర్చున్నాను. పరీక్షల బ్లాగు రాసిన అబ్బాయి చాలాసేపు మాట్లాడాడు, బాగానే మాట్లాడాడు. ఆమె వంతు వచ్చింది. నా పేరు, మా కాలేజీ పేరు చెబుతుందేమోనని భయపడ్డాను. చెప్పనని మాటిచ్చింది, అయినా. ఆమె మైకు ఎత్తు సరిచేసుకుని, "ఈ పుస్తకాలను ఎవరో చదివిన్రు. చదివినోళ్లు కనబడాలె అని రాస్తాన్న. ఇంక రాస్త" అని చెప్పి దిగిపోయింది. మొత్తం ఒక్క నిమిషం. చప్పట్లలో అందరికంటే ముందు లేచింది మేడం.

మెమోకు జవాబులో, చూడకుండా సంతకం పెట్టాను, తప్పు నాది అని రాశాను. నా ఫైల్లో హెచ్చరిక చేరింది. ఇకముందు పుస్తకాలు తీసేయాలంటే ముగ్గురు అధ్యాపకులతో కమిటీ చూడాలని ప్రిన్సిపాల్ సారు ఆర్డర్ వేశారు. నా మీద నమ్మకం లేక వేసిన ఆర్డరది. మంచిదే. కొన్ని నెలలు స్టాఫ్ రూములో నేను వెళ్లగానే మాటలు ఆగిపోయేవి.

ఆ ఏడాది చివర ఒక మధ్యాహ్నం ఆమె నుంచి ఫోన్ వచ్చింది. సభ తర్వాత మేం మాట్లాడుకోవడం అదే మొదలు. వర్ధన్నపేట దగ్గర ఒక ఊళ్లో చిన్న గ్రంథాలయం ఉందట. దాన్ని చూసుకునే ఆయన బ్లాగు చదివి, పాత పుస్తకాలు తీసేసే ముందు ఒకసారి వచ్చి చూడమని అడిగాడట. "నాకు రాసుడు తెల్సు గని, ఏది ఉంచాలె, ఏది తీసెయ్యాలె అన్నది ఉద్యోగం చేసినోళ్లకే తెలుస్తది. మీరు వస్తరా?" అంది. మాటలో స్నేహం లేదు, పని ఉంది. వస్తానన్నాను.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. పెద్దగా మాట్లాడుకోలేదు. ఆ గ్రంథాలయంలో నేల మీద చాప పరిచి, కట్టలు ఒక్కొక్కటే విప్పాం. ప్రతి పుస్తకం ఇద్దరి చేతుల్లోంచీ పోయింది. రెండుసార్లు వాదించుకున్నాం. మొదటిసారి ఆమె మాట నెగ్గింది, రెండోసారి నాది. మధ్యాహ్నం దాటాక ఒక లావు పుస్తకం వచ్చింది. పేజీలన్నీ చెదలు తినేసి జల్లెడలా ఉన్నాయి. నేను నోరెత్తలేదు. ఆమె అటూ ఇటూ తిప్పింది, వెనకట్ట తెరిచి చూసింది. చీటీ కూడా మిగల్లేదు.

"ఇది పోవాల్సిందే మేడం" అని పక్కన పెట్టి, ఇంకో కట్ట తాడు విప్పసాగింది.